పేరుమోసిన మాస్టారు

నాలుగో తరగతి మాస్టారు పేర్లు పెట్టడంలో దిట్ట. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు ఆయనకు రుచించేవి కావు. బొద్దుగా ఉండి, నాలుగడుగులు పరుగెత్తితే బుసలు కొట్టే పిల్లవాడు ఇంజను. ఎప్పుడూ కిటికీలోంచి మబ్బుల వంక చూసే పిల్ల వాతావరణం. మాటిమాటికీ పెన్సిలు చెక్కుకునేవాడు వడ్రంగి. కొత్త పేరు పుట్టిన రోజున తరగతి పడీపడీ నవ్వేది. సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు కూడా ఆ పేర్లు చెప్పుకుని నవ్వుకునేవారు. లెక్కలు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడని ఆయనకు మంచి పేరు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేదు, ఆయన కూడా అనుకోలేదు.

ప్లంబరు కూతురికి మాత్రం చాన్నాళ్ళు ఏ పేరూ రాలేదు. తల వంచుకుని లెక్కలు చేసుకుపోయే పిల్లకు ఏం పెట్టినా అతకలేదు. భాగహారాల పరీక్ష రోజున అతికింది.

ఆ రోజు ఆమె లేచి చిటికెనవేలు చూపించింది. "ఆ లెక్క కానీ, తర్వాత" అన్నాడు మాస్టారు. లెక్క అయింది. మళ్ళీ లేచింది. "ఇంకొక్కటి చెయ్యి. నీ ప్రాణమేం పోదు" అన్నాడు. మూడోసారి ఆమె లేవలేదు. లేచే దశ దాటిపోయింది. బెంచీ అంచు నుంచి గచ్చు మీదకు చుక్కలు పడుతుంటే వెనక కూర్చున్న పిల్ల కాళ్ళు పైకి ముడుచుకుంది.

మాస్టారు కేకలేమీ వెయ్యలేదు. ఆయాను పిలిపించి తుడిపించాడు. తన సంచీలోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే ఆ పిల్ల ఆయన మేలు జన్మంతా మరిచిపోయేది కాదు. కానీ తరగతి నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దంగా ఉన్న తరగతిని చూస్తే ఆయన నాలుక ఊరుకోదు.

"వాళ్ళ నాన్న ఊరందరి కుళాయిలూ బాగుచేస్తాడు. సొంత ఇంట్లో కుళాయి మాత్రం కారుతోంది" అన్నాడు.

సాయంత్రానికల్లా ఆమె కుళాయి అయింది. మర్నాడు ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆమె పక్కనుంచి వెళుతూ నోటితో బొటబొటమని చప్పుడు చేసేవారు.

ఇంట్లో తల్లి లాండ్రీ షాపు నుంచి వచ్చి, చొక్కాలు ఇస్త్రీ చేసీ చేసీ పట్టేసిన భుజం రుద్దుకుంటూ విన్నది. "పట్టించుకోకు. పట్టించుకుంటేనే ఎక్కువ అంటారు" అంది.

నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. దారం పంటితో కొరికింది. "అంటే, పట్టించుకోకపోతే ఊరికే వదిలేస్తారా?" అంది కోడలితో. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "ఇదిగో, మన ఇంటి ఆడవాళ్ళది తాచుపాము పగ. మీ తాత ఒకసారి నలుగురి ముందూ నా కూరకి వంక పెట్టాడు. ఏడాది పాటు ఆయన గిన్నెలో ఉప్పు పడితే ఒట్టు. మళ్ళీ చచ్చేదాకా నోరెత్తలేదు."

"దానికి ఇవా నేర్పేది?" అంది తల్లి.

"ఉప్పు సంగతి చెప్పానంతే" అంది నాయనమ్మ.

అప్పటికి ఆ పిల్లకు ఉన్నది సిగ్గే. అది ఇంకో రోజున పగగా ముదిరింది. బడిలో చేతులు కడుక్కునే చోట గొట్టం పగిలితే ఆమె నాన్నను పిలిపించారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పానాతో నట్టు బిగిస్తున్నాడు. ఆమె మంచినీళ్ళ సీసా పట్టుకుని నాన్న దగ్గరకు వెళుతోంది. అదే సమయానికి మాస్టారు వరండాలోకి వచ్చాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో కుళాయికి వాషర్ మార్చావా?"

నాన్న తలెత్తి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. సెలవు రోజుల్లో నాన్న వెంట పనికి వెళ్ళినప్పుడు, పెద్ద ఇళ్ళ గుమ్మాల్లో ఆయన నవ్వే నవ్వు అది. "మారుస్తాను సార్" అని కూడా అన్నాడు. ఆమె సీసా తీసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. అడిగితే కడుపు నొప్పి అని చెప్పింది.

కొత్తగా వచ్చిన పెద్ద టీచరు పిల్లల సభ అన్న మాట ఎత్తింది ఆ నెలలోనే. బడి ఎలా నడవాలో పిల్లలకూ ఒక మాట ఉండాలని ఆమె పట్టుదల. ప్రతి తరగతి ఇద్దరిని ఎన్నుకుంటుంది. వాళ్ళు కూర్చుని ఎక్కువ మంది ఒప్పుకున్నది ఏదైనా, ఎవరికీ దెబ్బ తగలనిదీ ఖర్చు లేనిదీ అయితే, బడి మొత్తం ఒక నెల పాటు పాటించి చూడాలి. ఆ తర్వాత ఉంచాలో తీసెయ్యాలో మళ్ళీ సభే చెప్పాలి.

"కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టుంటుంది మేడమ్" అంది మూడో తరగతి టీచరు.

"ఇచ్చి చూద్దాం. కొబ్బరికాయ ఎక్కడికీ పోదు కదా" అంది పెద్ద టీచరు.

నాలుగో తరగతిలో ఎవరు నిలబడతారని అడిగితే ముందు ఇంజను లేచాడు. తర్వాత ప్లంబరు కూతురు లేచింది. తరగతి వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల తనంతట తాను లేచి నిలబడటం చాన్నాళ్ళ తర్వాత అదే మొదలు.

"శభాష్. కుళాయి గారికి ఓట్లు ధారాపాతమే" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు.

ఆమె నవ్వు ఆగేదాకా నిలబడింది. "నేను గెలిస్తే ఒంటేలుకి ఎవర్నీ అడగక్కర్లేదు. లేచి వెళ్ళిపోవడమే" అంది. అంతే అని కూర్చుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్న రోజు లేనివాళ్ళు ఆ తరగతిలో లేరు. వడ్రంగి అయితే తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. ఓట్ల లెక్కలో ఆమె మొదట, ఇంజను తర్వాత.

మొదటి సభలో ఆ మాట నెగ్గింది. ప్రతి గదిలో తలుపు పక్కన మేకుకు ఒక చెక్క బిళ్ళ తగిలించారు. వెళ్ళాలనుకున్నవాళ్ళు బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, వచ్చి తగిలించాలి. ఒకసారికి ఒకరే. నోరెత్తి అడిగే పని లేదు. బడి ఏమీ కూలిపోలేదు. పెద్ద టీచరు ఎంతో సంతోషించి, ఆ పిల్లను పిలిచి భుజం తట్టింది. నీలాంటి పిల్లల కోసమే ఈ సభ అంది. ఆ పిల్ల మనసులో ఏముందో ఆమెకేం తెలుసు?

రెండో సభలో అసలు సంగతి బయటికి తీసింది.

"బడిలో ఎవరైనా ఇంకొకళ్ళకి పేరు పెట్టి పిలిస్తే, పిలిచినవాళ్ళకి వారం రోజులు అదే పేరు. అందరూ వాళ్ళని ఆ పేరుతోనే పిలవాలి."

"నాకు నా పేరు ఇష్టమే. ఇంజను అంటే బలంగా ఉంటుంది. ఎందుకు తీసెయ్యాలి?" అన్నాడు ఇంజను.

"మా అమ్మ నన్ను బుజ్జీ అంటుంది. మరి మా అమ్మ కూడా బుజ్జీనా?" అంది రెండో తరగతి పిల్ల.

"మీ అమ్మ బడిలో ఉండదు కదే" అన్నారెవరో.

వాదన చాలాసేపు జరిగింది. చివరికి ఇంజనే దారి చూపించాడు. 'ఇష్టం లేని పేరు' అని రాస్తే సరిపోతుందన్నాడు. ఆ మాట చేర్చాక చేతులెత్తించారు. ఒక్క చెయ్యి తేడాతో నెగ్గింది.

పెద్ద టీచరు కాగితం మీద సంతకం చెయ్యబోతూ ఆగింది. "ఇది పిల్లలకేనా?"

"బడిలో ఎవరైనా అని ఉంది టీచర్" అంది ప్లంబరు కూతురు మెల్లగా.

పెద్ద టీచరు ఆమె మొహంలోకి కాసేపు చూసింది. మాట ఇచ్చింది కాబట్టి సంతకం చేసింది.

మాస్టారు తెలివైనవాడు. జాగ్రత్తపడ్డాడు. "ఏమే కు..." అని నాలుక కరుచుకునేవాడు. పిల్లలకు అదో వేడుక అయింది. ఆయన నోట్లోంచి పేరు సగం దాకా వచ్చి వెనక్కి పోవడం కోసం కాచుకుని కూర్చునేవారు. ప్లంబరు కూతురు మాత్రం కలుగు దగ్గర పిల్లిలా ఊరుకుంది. వారం గడిచింది. ఆయన తప్పులో కాలెయ్యలేదు.

అప్పుడు ఆమె బిళ్ళ అందుకుంది.

మాస్టారు నల్లబల్ల మీద సుద్దతో పెద్ద భాగహారం వేసి, మెట్టు మెట్టుగా విప్పుతున్నాడు. సరిగ్గా శేషం దగ్గరకు వచ్చేసరికి ఆమె లేచి, ఆయన ముందు నుంచే నడిచి, బిళ్ళ తీసుకుని బయటికి వెళ్ళింది. వచ్చింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ శేషం దగ్గరే లేచింది. ఆమెకు వెళ్ళాల్సిన అవసరం ఏమీ లేదు. వరండా చివరిదాకా వెళ్ళి, గోడకు ఆనుకుని నిలబడి, మనసులో కాసేపు అంకెలు లెక్కపెట్టుకుని వచ్చింది. మూడోసారి లేచి బిళ్ళ అందుకునేసరికి ఆయన చేతిలో సుద్దముక్క రెండయింది.

"ఎన్నిసార్లే కుళాయీ!"

ఆమె బిళ్ళను జాగ్రత్తగా మేకుకు తగిలించింది. ఒంటికి వెళ్ళే వైపు కాకుండా పెద్ద టీచరు గది వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం టీచర్ల గదిలో గొడవ జరిగింది. పిల్లల చేతికి కత్తి ఇచ్చారని మూడో తరగతి టీచరు అంది. పెద్ద టీచరు ఎటూ చెప్పలేక గాజుగ్లాసు తిప్పుతూ కూర్చుంది. చివరికి మాస్టారే తేల్చేశాడు. "ఎందుకండీ ఇంత? వారమే కదా. పిల్లల సరదా కాదనడం ఎందుకు?"

మర్నాడు పొద్దున బడి అంతా వరసల్లో నిలబడి ఉంటే ఆయన ముందుకొచ్చి, నాటకంలో రాజులాగా వంగి, "నేటి నుంచి నేను కుళాయి మాస్టారుని" అన్నాడు. నవ్వులే నవ్వులు. తరగతిలో నల్లబల్ల మీద ఆ పేరు అందంగా రాసుకున్నాడు. "కుళాయి మాస్టారూ" అని పిలిస్తే "ఆ, చెప్పు, వేడినీళ్ళా, చన్నీళ్ళా?" అనేవాడు. పిల్లలకు ఆయన మునుపటికంటే ఎక్కువ నచ్చేశాడు.

ఆ పిల్ల ఇంటికి వచ్చి సంచీ విసిరేసింది. "ఆయనకి ఏమీ అవ్వలేదు నాయనమ్మా. నవ్వుతున్నాడు."

"మొదటి రోజు అందరూ నవ్వుతారు. నువ్వు ఓపిక పట్టు. పుల్లటి పెరుగు కూడా మొదట్లో పాలే" అంది నాయనమ్మ.

ముసలిదాని మాట పొల్లుపోలేదు. మూడో రోజుకు ఆయన జవాబుల్లో చమత్కారం అయిపోయింది. అయినా పిలిచేవాళ్ళు ఆగలేదు. గేటు దగ్గర ఒక తండ్రి "ఏం కుళాయి మాస్టారూ, మావాడు లెక్కల్లో ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. ఎదురుగా ఉన్న టీ కొట్టువాడు "కుళాయి గారికి ఒక టీ" అని అరిచాడు. టీచర్ల గదిలో ఆయన కుర్చీకి ఎవరో దారం కట్టి వాషర్ వేలాడదీశారు. మూడో తరగతికి లెక్కలు చెప్పడానికి వెళ్ళి, అల్లరి చేస్తున్నవాణ్ణి గద్దిస్తే, వాడు బొటబొటమన్నాడు. ఆయన చెయ్యెత్తాడు. అందరూ చూస్తున్నారని దించేశాడు. ఆ రోజు నుంచి ఆయన వరండాలో గోడ వారగా నడవడం మొదలుపెట్టాడు.

ప్లంబరు కూతురు ఇదంతా చూసింది. తను ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. పిలవాల్సిన అవసరం లేకపోయింది. బడిలో అందరూ ఆమె పని చేసి పెడుతున్నారు. రాత్రి పడుకుని, ఆయన చెవులు ఎలా ఎర్రబడ్డాయో గుర్తు తెచ్చుకుని, తీపి తిన్నంత తృప్తిగా నిద్రపోయేది.

వారం ముగియడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఆటల సమయంలో ఆయన ఆమెను మెట్ల కింద, సైకిళ్ళు పెట్టే చోటికి పిలిచాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఇక చాలించమని సభలో చెప్పమ్మా. నువ్వు చెబితే వింటారు."

"ఇంకా రెండ్రోజులుంది సార్."

"నేను సరదాకి అన్నానే అప్పుడు. నిన్ను ఏడిపించాలని కాదు."

"వాళ్ళూ సరదాకే సార్ అంటున్నది."

ఆయన ఒక సైకిలు సీటు మీద చెయ్యి వేశాడు. "ఒకటో తరగతిలో మా పాప ఉంది. దాన్ని చిన్న కుళాయి అంటున్నారంట. నిన్నటి నుంచి బడికి రానని ఏడుస్తోంది."

"మీరు అంటే మా నాన్న నవ్వాడు సార్. మీరూ నవ్వండి" అంది ఆ పిల్ల.

ఆ మాట చాలా రోజులుగా ఆమె గొంతులో ఉంది. ఆయన నేల మీద ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. "నన్ను అను. మా పాప నిన్నేం చేసింది?" అన్నాడు.

ఆమె ఆయన చొక్కా గుండీల వంక చూస్తూ ఆలోచించింది. "పాప సంగతి నేను చూసుకుంటాను. మీది మాత్రం శనివారం దాకా ఉంటుంది" అంది.

నేరుగా ఒకటో తరగతి పిల్లలు ఆడుకునే చోటికి వెళ్ళింది. మూల గోడకు అతుక్కుని, మోచేత్తో ముక్కు తుడుచుకుంటున్న పిల్ల కనిపించింది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే అందరూ ముందుపళ్ళు ఊడినవాణ్ణి చూపించారు. "ఇవాళ్టి నుంచి వారం దాకా నువ్వే చిన్న కుళాయి. సభ చెప్పింది" అని గట్టిగా అంది. వాడు బెదిరిపోతాడనుకుంది. వాడు ఎగిరి గంతేశాడు. "నేను చిన్న కుళాయి! నేను చిన్న కుళాయి!" వెంటనే పక్కవాడు "నేను పెద్ద కుళాయి" అన్నాడు. ఇంకో పిల్ల తనకూ కావాలని ఏడుపు లంకించుకుంది. క్షణంలో అక్కడున్న పిల్లలందరూ చేతులు ముక్కుల ముందు కుళాయిల్లా వంచి పరుగులు తీస్తున్నారు. పెద్దవాళ్ళ కోసం వేసిన వల ఆ వయసుకు ఆటవస్తువైంది. ఆమెకు ఏం చెయ్యాలో పాలుపోలేదు.

గోడ దగ్గరున్న పిల్ల మాత్రం వాళ్ళతో కలవలేదు. ప్లంబరు కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆ పూటా, తర్వాత రెండు పూటలూ తన పక్కనే కూర్చోబెట్టుకుని డబ్బాలో అన్నం తినిపించింది.

"నీ పేరేంటక్కా?" అని అడిగింది పాప.

చెప్పింది. పాప ఆ పేరును నోట్లో రెండుసార్లు తిప్పుకుని బాగుందంది.

మాస్టారు బతిమాలిన రోజు సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి నాన్నకు అన్నీ తెలిసిపోయి ఉన్నాయి. పనిముట్ల సంచీ గుమ్మంలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకెప్పుడైనా ఆ బడిలో పని ఉంటే నేనెలా వెళ్ళను? వదిలెయ్యమ్మా" అన్నాడు.

"ఆ రోజు నీకు కోపం రాలేదా నాన్నా?"

నాన్న చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు. "వచ్చింది" అన్నాడు.

"మరి ఎందుకు నవ్వావు?"

"కోపం వచ్చినప్పుడల్లా పానా పట్టుకుని లేస్తే ఇల్లు గడవదు."

"నువ్వు నవ్వినందుకే నాకు..." అని ఆ పిల్ల మాట పూర్తి చెయ్యలేకపోయింది. నాన్న ఆమె వంక చూశాడు. ఆమెకు ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే అర్థమైనట్టుంది. దగ్గరికి రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు. కాసేపయ్యాక ఆయనే లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. కిటికీ దగ్గర నాయనమ్మ సూదిలోకి దారం ఎక్కించడం మానేసి, కొడుకు వీపు వంకే చూస్తూ ఉండిపోయింది.

శనివారం అయిపోయింది. సోమవారం మాస్టారు హాజరు వేస్తూ ఒక్కొక్కరినీ ఇంటి పేరుతో సహా పిలిచాడు. లెక్కలు మునుపటిలాగే బాగా చెప్పాడు. కానీ చతుర్లు లేవు. తలెత్తి చూడకుండా బోర్డుతోనే మాట్లాడినట్టు చెప్పేవాడు. ప్లంబరు కూతురి వంతు వస్తే గొంతు ఒక్క పిసరు తగ్గేది. క్షమించమని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు.

తరగతికి అది నచ్చలేదు. మునుపు బాగుండేదన్నారు. వాతావరణం కిటికీలోంచి తల తిప్పకుండానే, "అంతా నీ వల్లే. ఆయన ఇప్పుడు నవ్వడు" అంది. ఇంజనుకు మరీ కష్టమైంది. ఇష్టమైన పేరని ఎంత మొత్తుకున్నా మాస్టారు వాణ్ణి ఇంజను అనడం మానేశాడు. ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. వాడు ఆమెతో మాట్లాడటం మానేశాడు. నెల తిరిగేసరికి సభ మళ్ళీ కూర్చుంది. బిళ్ళ ఉంచాలన్నారు. పేర్ల నియమం ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమంటే, ఆమె చెయ్యి ఒక్కటే లేచింది.

పరీక్షల తర్వాత కొత్త ఎన్నిక వచ్చింది. ఆమె మళ్ళీ నిలబడింది. ఇంజను, వాతావరణం గెలిచారు. ఆమెకు వచ్చినవి చాలా తక్కువ.

ఇంటికి వచ్చి చెప్పింది. నాయనమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఎవరెవరు వెయ్యలేదు నీకు?"

"తెలీదు నాయనమ్మా. చీటీల మీద ఎవరు వేశారో ఉండదు. మడిచి డబ్బాలో వేసేస్తారు."

నాయనమ్మ కళ్ళద్దాలు మళ్ళీ ముక్కు మీదకు దించుకుంది. "అదే మంచిదిలే. తెలిస్తే నీకూ నాకూ నిద్రుండదు" అంది. తర్వాత చేతిలోని చొక్కా ఆమె ఒళ్ళో పడేసి, కాజా ఎలా కుట్టాలో చూపించడం మొదలుపెట్టింది. పిల్ల మొదటి కుట్టు వంకరగా వేసింది. నాయనమ్మ దాన్ని విప్పేసి మళ్ళీ వెయ్యమంది.